ఇంజను హోరు, తెర మీద సున్నా

తాళం తిప్పగానే ఎక్స్‌కవేటర్ ఒక్క ఉదుటున స్టార్టయింది. పొగగొట్టం మూత టపటపా కొట్టుకుంటోంది, క్యాబిన్ అద్దాలు గజగజలాడుతున్నాయి. తెర మీద మాత్రం ఆర్‌పీఎం సున్నా. ఆయిల్ ప్రెషర్ లేదు, కూలెంట్ వేడి లేదు. ఆ తెర లెక్కన అసలక్కడ ఇంజనే లేదు. త్రాటిల్ డయల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా ఇంజను ‘లో ఐడిల్’ (కనీస వేగం) దాటదు. పైగా 14 లోపాల కోడ్‌లు, ఓ ఎర్రదీపం, చెవులు చిల్లులు పడే బజర్.

మెకానిక్ వచ్చేలోపు చుట్టూ చేరిన వాళ్లందరూ డాక్టర్లే. ‘బ్యాటరీ టెర్మినల్ పీకి పది నిమిషాలాగి పెట్టండి’ అన్నది మొదటి మందు. ఇది ఒక్కోసారి పనిచేస్తుంది కూడా, అదే దీంతో వచ్చిన చిక్కు. తప్పులు లెక్కపెట్టుకునే కౌంటరు 255 దాటిందంటే కంట్రోలర్ (బండిలోని చిన్న కంప్యూటర్) తనకు తానే బస్ మీంచి, అంటే కంట్రోలర్లన్నీ మాట్లాడుకునే ఉమ్మడి వైర్ల మీంచి తప్పుకుంటుంది. దాన్నే బస్ ఆఫ్ అంటారు. కరెంటు తీసి ఇస్తే ఆ అలక తీరుతుంది. తెగిన వైరు మాత్రం తెగినట్టే ఉంటుంది కాబట్టి కాసేపటికి మళ్లీ మొదలు. ఈసారి అలక తీరనే లేదు.

మెకానిక్ వచ్చి కోడ్‌లు చదివాడు. పంపు కంట్రోలరేమో ఇంజను పలకడం లేదంటుంది. తెరేమో ఆ ఇద్దరూ పలకడం లేదంటుంది. ఇంజను ఈసీయూ (ఇంజను కంట్రోలర్) నన్నెవరూ పలకరించడం లేదంటుంది. మధ్యలో ఎస్‌పీఎన్ (లోపం ఎక్కడో చెప్పే నంబరు) 639, ఎఫ్‌ఎంఐ (ఏ తరహా లోపమో చెప్పే నంబరు) 9. అంటే కంట్రోలర్లు మాట్లాడుకునే జే1939 నెట్‌వర్క్ మీదే ఫిర్యాదు: రావాల్సిన సందేశం రావాల్సిన వేళకు రాలేదని. ఉత్తరం అందలేదని వీధి వీధంతా గోల పెడుతుంటే పోస్టుమ్యాన్‌ని వెతకాలి గానీ, గోల పెట్టినవాళ్ల ఇళ్లు కూలగొట్టకూడదు.

కూలగొట్టారు. ‘ఎక్కువ కోడ్‌లు పంపు కంట్రోలర్‌వే కదన్నా, పక్క మెషీన్‌ది పెట్టి చూద్దాం’ అన్నాడు ఆపరేటర్. పక్క మెషీన్ వేరే మోడల్. కనెక్టర్ చక్కగా సరిపోయింది, లోపలి సాఫ్ట్‌వేర్ సరిపోలేదు. కోడ్‌లు 17 అయ్యాయి. ఊడదీసే హడావుడిలో పక్క మెషీన్ కనెక్టర్‌లో ఓ పిన్ను వంగింది. పొద్దున ఆగింది ఒక బండి, మధ్యాహ్నానికి రెండు.

సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ చిన్న మల్టీమీటర్ పట్టుకుని వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తాళం తీసేసి, బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ ఆపి, కంట్రోలర్లు పూర్తిగా పడుకునేదాకా కొన్ని నిమిషాలు ఊరికే నిలబడ్డాడు. ఆ నిలబడటమే ఆ రోజు జరిగిన మొదటి అసలు పని. బస్ మీద కరెంటు ఉండగా ఓమ్స్ కొలిస్తే వచ్చే అంకె పంచాంగంలో వెతుక్కోవాల్సిందే. తర్వాత క్యాబిన్‌లోని 9 పిన్నుల డయాగ్నస్టిక్ కనెక్టర్‌లో సి, డి పిన్నుల మధ్య ప్రోబ్‌లు పెట్టాడు. ఈ రకం బస్ పేరు క్యాన్, దానికి రెండు వైర్లు. సి అంటే క్యాన్ హై, పసుపు వైరు. డి అంటే క్యాన్ లో, ఆకుపచ్చ వైరు.

ఈ బస్‌కు రెండు కొసల్లో చెరో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. రెండూ సమాంతరంగా కలిసి 60 చూపించాలి. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ తగిలించారని. సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లూ ఎక్కడో ఒకదాన్నొకటి తాకుతున్నాయని. మీటరు 120 చూపించింది. ఒక కొస కనబడటం లేదన్నమాట.

ఏ కొస? క్యాబిన్ వైపు రెసిస్టర్ పీకాడు. మీటరు ఓపెన్ అంది, దారే లేదని. అంటే ఇందాకటి 120 దీనిదే. ఇంజను వైపుది దారిలో ఎక్కడో తప్పిపోయింది. ఇంజను దగ్గర్నుంచి క్యాబిన్ దాకా పొడవాటి వైరొకటి లాగి కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా అని) చూస్తే ఆకుపచ్చ వైరు బాగానే ఉంది, పసుపుది లేదు. ఇక్కడ చాలామంది మోసపోతారు: వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు పాస్ మార్కులు వేసేస్తుంది. అందుకే హార్నెస్‌ను (వైర్ల కట్టను) జానెడు జానెడు చొప్పున చేత్తో ఊపుకుంటూ పోవాలి. సీటు వెనక ప్యానెల్ దాకా ఏమీ లేదు. అక్కడ ఊపితే బీప్, వదిలితే మౌనం.

ప్యానెల్ విప్పితే పసుపు వైరు మీద నీలం రంగు నొక్కుడు క్లిప్ ఒకటి. ఇన్సులేషన్‌ను కోసి లోపలి రాగిని కరుచుకునే రకం. కరుచుకునేటప్పుడు పోగుల్లో చాలావాటిని తెంపింది. మిగిలిన నాలుగూ ముందురోజు ప్రెషర్ వాటర్‌తో క్యాబిన్ కడిగినప్పుడు తడిసి, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వైరు గుచ్చి టెస్ట్ చేసేవాళ్లూ చేసేది ఇదే, కాకపోతే చిన్న సైజులో. చిల్లు పడ్డ రోజున ఏమీ కాదు. నీళ్లు లోపలికి దారి కనుక్కున్న రోజున అవుతుంది.

క్లిప్ ఉన్న ముక్క కోసేసి, కొత్త ముక్క వేసి క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేడిచేశాడు. రెండు వైర్ల మెలికను జాయింటు అంచు దాకా మళ్లీ చుట్టాడు. బయటి నాయిస్ నుంచి సందేశాలను కాపాడేది ఆ మెలికే. మళ్లీ కొలిస్తే 60. తాళం ఆన్ చేసి ఛాసిస్‌తో చూస్తే హై 2.7 వోల్ట్‌లు, లో 2.3, కలిపితే 5కి దగ్గర. బజర్ ఆగింది. పక్క బండి కంట్రోలర్ దాని ఇంటికి పోయింది, వంగిన పిన్నుతో సహా.

ఇంతకీ ఆ క్లిప్ ఎవరిది? దాన్నుంచి వెళ్లే సన్నటి వైరు పట్టుకుని పోతే పైకప్పు కింద జీపీఎస్ ట్రాకర్ దొరికింది. మెషీన్ ఎన్ని గంటలు నడిచిందో, ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకోవాలని ఆ వారమే పెట్టించారట. దాని కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి కాబట్టి ఈ గోలంతా దానికి పట్టలేదు. సూపర్‌వైజర్ ఫోన్ తీసి చూశాడు. పొద్దుట్నుంచీ మెషీన్ ఎక్కడుందో అక్షరాలా సరిగ్గా చూపిస్తోంది: ఇక్కడే, అంగుళం కదల్లేదు.