పెట్టె మనది, తాళంచెవి వాళ్లది

విజయవాడలో కాపురం ఎత్తేసి హైదరాబాద్ చేరిన కుటుంబం వెంట ఫ్రిజ్ వస్తుంది, వాషింగ్ మెషీన్ వస్తుంది, టీవీ కూడా వస్తుంది. కేబుల్ ఆపరేటర్‌కు డబ్బు కట్టి తీసుకున్న సెట్‌టాప్ బాక్సు మాత్రం కొత్త ఇంట్లో ఎందుకూ కొరగాకుండా పోతుంది. కొత్త వీధిలోని కేబుల్ ఆయన నెట్‌వర్క్ వేరైతే తన బాక్సే పెట్టుకోవాలంటాడు. డీటీహెచ్ కంపెనీ మారినవారిదీ ఇదే పరిస్థితి: మేడ మీద డిష్ ఉంది, గోడ వెంట వైరు ఉంది, టీవీ ఉంది, అయినా బాక్సు మళ్లీ కొనాలి. కారణం అడిగితే 'టెక్నాలజీ వేరు సార్, పాతది పనిచేయదు' అంటారు. మన ఇళ్లలో డిజిటల్ టీవీ గురించి ఇంతగా చలామణీ అయిన అసత్యం మరొకటి లేదు. టెక్నాలజీ వేరు కాదు, వేరైంది తాళం ఒక్కటే. ఆ తాళం ఎక్కడుందో, ఎందుకుందో ప్రేక్షకుడు తెలుసుకోనంత కాలం ఈ వ్యాపారం ఇలాగే సాగుతుంది.

నేపథ్యం అందరికీ తెలిసిందే. 2011లో కేబుల్ టీవీ చట్టానికి చేసిన సవరణతో అనలాగ్ ప్రసారాలకు కాలం చెల్లింది. 2012లో మెట్రో నగరాలతో మొదలైన మార్పు, 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాలకు వచ్చి, పలు వాయిదాల తర్వాత 2017 నాటికి పల్లెలకూ చేరింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి చానళ్ల ధరల కొత్త విధానం అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి చర్చంతా ఏ చానల్ ఎంత, ఏ ప్యాకేజీలో ఏముంది అన్న లెక్కల చుట్టూనే తిరుగుతోంది. బాక్సు గురించి అడిగేవారే కరవయ్యారు.

ఆ బాక్సు చేసే పనిని మొదటి నుంచీ గమనిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఉపగ్రహం నుంచి డీటీహెచ్ ప్రసారాలు కేయూ బ్యాండ్‌లో, అంటే 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్యనున్న పౌనఃపున్యాల్లో వస్తాయి. ఈ తరంగాలను వాన చినుకులు పీల్చుకోవడం వల్లే జడివాన పడినప్పుడు ప్రసారం నిలిచిపోతుంది. డిష్ వాటిని ఒకచోటికి చేరిస్తే, ఎదురుగా కడ్డీ చివరనున్న ఎల్‌ఎన్‌బీ వాటిని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ స్థాయికి దించి వైరు ద్వారా ఇంట్లోకి పంపుతుంది. అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ తెర మీద చుక్కలు పెరిగేవి, బొమ్మ మసకబారేది. డిజిటల్‌లో ఒక హద్దు వరకు బొమ్మ చెక్కుచెదరదు, ఆ హద్దు దాటిన మరుక్షణం గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. బాక్సు మెనూలో సిగ్నల్ స్ట్రెంత్ అనీ, సిగ్నల్ క్వాలిటీ అనీ రెండు గీతలు విడివిడిగా కనిపించేది ఇందుకే. మొదటి గీత నిండుగా ఉండి రెండోది సున్నాకు పడిపోతే, ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోందనీ, డిష్ మాత్రం ఉపగ్రహం వైపు సరిగ్గా లేదనీ అనుకోవచ్చు. ఈ మాత్రం తెలిసినవారు ప్రతి చిన్న అంతరాయానికీ సర్వీసు చార్జీ కట్టి మనిషిని పిలిపించుకోరు.

ఇక్కడి వరకు ఏ కంపెనీ ప్రసారమైనా ఒక్కటే. డీటీహెచ్‌లో డీవీబీ-ఎస్, డీవీబీ-ఎస్2, కేబుల్‌లో డీవీబీ-సి అనేవి ఏ ఒక్క కంపెనీకీ సొంతం కాని, బహిరంగంగా ప్రచురితమైన ప్రమాణాలు. బొమ్మను కుదించే ఎంపెగ్-2, ఎంపెగ్-4 పద్ధతులు కూడా అంతర్జాతీయ ప్రమాణాలే. ఎంపెగ్-2 మాత్రమే తెలిసిన పాతకాలపు బాక్సు ఎంపెగ్-4 ప్రసారాన్ని చూపలేదన్నది నిజమే. కానీ నేడు బాక్సులు మార్చుకుంటున్నవారిలో ఎందరివో అంత పాతవి కావు. ఒక కంపెనీ బాక్సులోని ట్యూనరూ డీకోడరూ మరో కంపెనీ ప్రసారాన్ని అందుకుని విప్పగలిగినవే. విప్పనివ్వనిది కండిషనల్ యాక్సెస్ అనే తాళం ఒక్కటే.

ఈ తాళం పనితీరు ఆసక్తికరమైనది. డబ్బు కట్టి చూసే చానల్‌ను పంపేముందు గజిబిజి చేస్తారు. అలా చేసే పద్ధతికీ డీవీబీలో ఉమ్మడి ప్రమాణం ఉంది. దాన్ని తిరిగి సరిచేసే కీలకపదం కొన్ని సెకన్లకొకసారి మారిపోతూ, రహస్యరూపంలో ఆ ప్రసారంతో పాటే వస్తుంటుంది. ఆ కీలకపదాన్ని చదివే హక్కు బాక్సులో పెట్టిన మన కార్డు నంబరుకు ఉందా లేదా అన్న అనుమతి సందేశం కూడా ఆ ప్రసారంతోనే వస్తుంది. రీఛార్జి చేశాక 'బాక్సు ఆన్ చేసి ఉంచండి, చానళ్లు కాసేపట్లో వస్తాయి' అని కస్టమర్ కేర్ చెప్పేది ఆ సందేశాన్ని బాక్సు అందుకోవడానికే. అంటే కంపెనీకి ప్రత్యేకమైనదల్లా ఈ అనుమతిని గుర్తించే చిన్న భాగం, అరచేతి కార్డులో పట్టేది. మిగతా పెట్టె అంతా మార్కెట్లో ఎవరైనా తయారు చేయగల మామూలు యంత్రం. పోనుపోను కార్డును కూడా తీసేసి, ఆ రహస్యాన్ని లోపలి చిప్‌లోనే బిగించిన బాక్సులు వచ్చాయి. దాంతో తాళంచెవి మార్చి పెట్టెను నిలుపుకునే దారి కూడా మూసుకుపోయింది.

తాళం లేకపోతే ఏమవుతుందో చూపడానికి దూరదేశాల ఉదాహరణ అక్కర్లేదు. దూరదర్శన్ 2004 డిసెంబర్‌లో ప్రారంభించిన ఉచిత డీటీహెచ్, నేటి డీడీ ఫ్రీ డిష్, మన కళ్లెదుటే ఉంది. నెలవారీ చందా లేదు. ఏ కంపెనీ తయారు చేసిన బాక్సునైనా బజారులో కొని, డిష్‌ను 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పితే అందులోని ఉచిత చానళ్లు వచ్చేస్తాయి. చెడిపోతే మరో దుకాణంలో మరో బాక్సు కొనుక్కోవచ్చు, ఊరు మారితే వెంట తీసుకెళ్లవచ్చు. బాక్సు ఎవరిదన్న ప్రశ్నే అక్కడ తలెత్తదు.

చందా చానళ్లకూ ఈ స్వేచ్ఛ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. యూరోపియన్ యూనియన్ 2002లోనే, 30 సెంటీమీటర్లకు మించిన తెర ఉన్న డిజిటల్ టీవీలలో ఏ కంపెనీ మాడ్యూల్‌నైనా, అంటే తాళం విప్పే చిన్న పరికరాన్నైనా, అమర్చుకునే ఉమ్మడి స్లాట్ ఉండాలని చట్టం చేసింది. మన డీటీహెచ్ లైసెన్సు నిబంధనల్లోనూ, బాక్సులు ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి పనికొచ్చేలా బహిరంగ నిర్మాణంతో ఉండాలన్న షరతు ఆదిలోనే రాశారు. ఆ షరతు కాగితం దాటి ఇంటికి చేరలేదు. 2020 ఏప్రిల్‌లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ మరో అడుగు ముందుకేసి, వినియోగదారుకు ఇచ్చే ప్రతి బాక్సూ ఇతర ఆపరేటర్లకు పనికొచ్చేలా ఉండాలనీ, టీవీలకు యూఎస్‌బీ ఆధారిత ఉమ్మడి పోర్టు ఉండాలనీ కేంద్రానికి సిఫార్సు చేసింది. 2025 ఫిబ్రవరి నాటికి ట్రాయ్ భాష కూడా మెత్తబడింది: ఇలాంటి బాక్సులను ప్రోత్సహించాలంది. తప్పనిసరి అన్నచోట ప్రోత్సాహం వచ్చిందంటే, బాక్సు కొనే మనిషి ఈ పోరులో ఓడిపోతున్నాడని అర్థం. మొబైల్ రంగంలో ఇదే దేశం 2011 జనవరిలో నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు ఇచ్చింది. సిమ్ మారితే ఫోన్ పారేయాలని ఎవరైనా అంటే ఊరుకునేవాళ్లమా?

ఆపరేటర్ల వాదన కూడా ఒకటుంది. బాక్సుపై తాము రాయితీ ఇస్తున్నామనీ, విడి మాడ్యూల్ ఖరీదు దాదాపు బాక్సుతో సమానమవుతుందనీ, తాళం బయటికొస్తే దొంగ ప్రసారాలు పెరుగుతాయనీ అంటారు. తొలినాళ్లలో మాడ్యూళ్ల ధర ఎక్కువన్నది వాస్తవం. దాన్ని తగ్గించడానికే ట్రాయ్ యూఎస్‌బీ పద్ధతిని ముందుకు తెచ్చింది. రాయితీ ఇస్తున్నామంటే ఆ లెక్క బిల్లులో విడిగా చూపి, ఒప్పంద కాలం ముగిశాక బాక్సును విముక్తం చేయవచ్చు కదా? ఇక భద్రత విషయానికొస్తే, బ్యాంకు కార్డును ఏ బ్యాంకు ఏటీఎంలోనైనా వాడుకుంటున్న దేశంలో ఆ భయానికి బలం లేదు.

దీన్ని టీవీకి మాత్రమే పరిమితమైన సమస్యగా చూడటం పొరపాటు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్న వస్తువు మీద అమ్మినవాడి పెత్తనం కొనసాగడమే నేటి వినియోగదారుడికి ఎదురవుతున్న అతిపెద్ద సవాలు. స్మార్ట్ టీవీ కొంటే, తెర, స్పీకర్లు బాగానే ఉన్నా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయిన కొన్నేళ్లకు యాప్‌లు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే నడిపిన ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల ప్రారంభ ప్యాకేజీతో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇచ్చి మంచి పని చేసింది. కానీ అక్కడా కనెక్షన్ అంటే ఆ నెట్‌వర్క్ ఇచ్చే బాక్సే, అది దొరికితేనే కనెక్షన్. ప్రజాధనంతో నడిచే సంస్థ అయినా బహిరంగ ప్రమాణానికి దారి చూపి ఉండాల్సింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు గురించి కమిటీ వేసి, ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు, గృహోపకరణాలను ముందుగా పరిశీలించాలంది. రిపేరు హక్కు అంటే విడిభాగాలు దొరకడం ఒక్కటే కాదు, కొన్న వస్తువును తనకు నచ్చిన సేవతో వాడుకోవడం కూడా. సెట్‌టాప్ బాక్సు విషయంలో ఈ హక్కును గుర్తించకపోతే రేపు ఇంట్లోని మీటరు, రౌటరు, బల్బు దాకా ఇదే తాళం విస్తరిస్తుంది.

భారత ప్రమాణాల సంస్థ ఇప్పటికే ఐఎస్ 18112:2022 పేరిట, ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉన్న టీవీలకు ప్రమాణం రూపొందించింది. అలాంటి టీవీకి ఎల్‌ఎన్‌బీ ఉన్న డిష్ తగిలిస్తే చాలు, విడిగా బాక్సు లేకుండా ఉచిత చానళ్లు చూడవచ్చు. ట్యూనర్ టీవీలోకి వచ్చేసినప్పుడు, చందా చానళ్ల కోసం మిగిలేది కంపెనీ తాళం పెట్టుకునే ఒక స్లాటే. ఆ స్లాట్‌ను ప్రమాణంలో తప్పనిసరి భాగం చేసి, 2020 నాటి ట్రాయ్ సిఫార్సును గడువుతో కూడిన నిబంధనగా నోటిఫై చేయాల్సింది కేంద్ర సమాచార, ప్రసార శాఖ. కొత్తగా చట్టం చేయనక్కర్లేదు. లైసెన్సులో మొదటి నుంచీ ఉన్న షరతును అమలు చేయించే అధికారం ఆ శాఖ చేతిలోనే ఉంది.