కువైట్ టికెట్ రేటు ఎవరి చేతిలో ఉంది?

ఆగస్టు నెలలో కడపలో ఏ ట్రావెల్స్ షాపుకి పోయినా కువైట్ తిరిగిపోయేవాళ్లే కనిపిస్తారు. కువైట్‌లో ఒక సేటు ఇంట్లో వంటపని చేసే మా పిన్నమ్మకి టికెట్ తీయడానికి నేనూ పోయినా, ఆ సేటు పిల్లలకి బడి తెరిచేలోపు వచ్చేయమన్నాడు, పొద్దున అడిగిన రేటు మధ్యాహ్నానికి లేదు, ఆమె పర్సులో డబ్బులు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుంది.

అందరూ విమాన కంపెనీలనే తిడతారు కానీ ముడి ఇంకోచోట ఉంది. రెండు దేశాల మధ్య వారానికి ఎన్ని సీట్లు తిరగాలో ప్రభుత్వాలు కూర్చుని రాసుకుంటాయి. 1944 చికాగో ఒప్పందంలో ఎవరి ఆకాశం మీద వాళ్లకే హక్కు అనుకున్నారు, అక్కడినుంచి వచ్చిందే ఈ బేరం. 1946లో అమెరికా, బ్రిటన్ బెర్ముడాలో చేసుకున్న ఒప్పందంలో అయితే చార్జీలకి కూడా ప్రభుత్వాల ఆమోదం కావాలన్నారు. ఇప్పుడు రేటు కంపెనీ ఇష్టం, సీట్లకి మాత్రం ఇంకా తాళం ఉంది. ఒకదాన్ని కట్టేసి ఇంకోదాన్ని వదిలేస్తే రద్దీ రోజుల్లో దెబ్బ ఎవరికి పడతాదో ఆ షాపులో కూర్చుంటే తెలుస్తుంది.

కువైట్‌తో వారానికి 12,000 సీట్లు అని 2007లో రాసుకున్నారు, దాన్ని 18,000 చేసింది 2025 జూలైలో. పద్దెనిమిదేళ్లు! ఈలోపు రాజంపేట, రాయచోటి పక్క ఒక మనిషన్నా గల్ఫ్‌లో లేని వీధి దొరకడం కష్టం.

సీట్లు పెంచకపోవడానికి ఢిల్లీ చెప్పే కారణం తీసిపారేసేది కాదు, గల్ఫ్ కంపెనీలు మన ప్రయాణికుల్ని వాళ్ల ఊరికి తీసుకెళ్లి అక్కడినుంచి యూరప్, అమెరికా దింపుతున్నాయి, మన కంపెనీలు నష్టపోతాయి అంటారు. దుబాయ్ విషయంలో ఒప్పుకుంటా. కానీ మా పిన్నమ్మ కువైట్‌లో దిగి లండన్ ఫ్లైట్ ఎక్కదు కదా, నేరుగా సేటు ఇంట్లో వంటగదిలోకి పోతుంది, ఆమెకీ అదే తూకం వేస్తే ఎట్లా?

పైగా 2016 జాతీయ విమానయాన పాలసీ ప్రకారం దగ్గరి దేశాలకి సీట్లు పెంచాలంటే ముందు మన కంపెనీలు తమ వాటాకి వచ్చిన సీట్లలో 80 శాతం వాడుకోవాలి. అంటే మన కంపెనీల దగ్గర విమానాలు చాలకపోతే ఆ బరువు కూడా కూలికి పోయేవాళ్లే మోయాలన్నమాట. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. కూలీలు ఎక్కువగా పోయే రూట్లకి ఈ షరతు తీసేయాలి, ఒప్పందాన్ని రెండేళ్లకోసారి తిరగరాయాలి, రాసేటప్పుడు కంపెనీల లెక్కల పక్కనే ఆగస్టు టికెట్ రేట్లు కూడా టేబుల్ మీద పెట్టాలి.

కడపలో ఎయిర్‌పోర్ట్ ఉంది, కువైట్ విమానం లేదు. పిన్నమ్మ రాత్రి బస్సుకి చెన్నై పోయింది, తెల్లారి ఫోన్ చేసి టికెట్‌కి తెచ్చిన అప్పు తీరడానికి రెండు నెలల జీతం పోతుందని చెప్పింది.