శవపేటిక శంషాబాద్ చేరిన తర్వాత

అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థి ఎవరైనా హఠాత్తుగా చనిపోతే అక్కడి తెలుగు సంఘాలు ఎంత వేగంగా కదులుతాయో, హనుమకొండలో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నాకు బాగా తెలుసు. మరణ కారణాన్ని విచారించే అధికారితో మాట్లాడడం, అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ హోమ్‌ను కుదర్చడం, దేహం చెడకుండా ఎంబామింగ్ చేయించడం, భారత కాన్సులేట్ నుంచి అనుమతి పత్రం తీసుకోవడం, పాస్‌పోర్టు రద్దు చేయించడం, విమానంలో కార్గోగా పంపే ఏర్పాటు చేయడం వంటి పనులన్నీ ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలను చూసుకుంటూ పైసా ఆశించకుండా చేసేవారు ఆ సంఘాల సభ్యులైన మీలో ఉన్నారు. వారికి చేతులెత్తి మొక్కవచ్చు. అయితే పేటిక శంషాబాద్‌లో దిగి, అంబులెన్స్ పరకాలకో నర్సంపేటకో హుజూరాబాద్‌కో చేరి, అంత్యక్రియల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పడ్డాక ఆ గ్రూపులో ఇక ఎవరూ మాట్లాడరు. సంఘం పని అక్కడితో ముగియకూడదని, సంవత్సరీకం దాకా ఆ ఇంటితో మాట్లాడే బాధ్యతను కూడా సంఘమే తీసుకోవాలని నా అభిప్రాయం. ఆ తల్లిదండ్రులకు అవసరమైన వాటిలో కొన్ని వరంగల్‌లో ఎవరి దగ్గరా, నా దగ్గర కూడా, ఉండవు. అవి మీ దగ్గరే ఉన్నాయి.

ఊళ్లో జరిగిన చావుకు మన దగ్గర ఒక పద్ధతి ఉంది. మూడోనాడు పిట్టకు పెట్టడం, పదకొండో రోజు పెద్దకర్మ, ఆ తర్వాత చుట్టాలు ఒక రాత్రి తమ ఇంటికి నిద్రకు తీసుకుపోవడం, నెల మాసికం, ఇవన్నీ మనిషిని ఒంటరిగా వదలకుండా పట్టుకుంటాయి. వీటన్నిటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది పరామర్శకు వచ్చిన ప్రతివారూ అడిగే "ఎట్లయింది?" అన్న ప్రశ్నకు. వచ్చిన ప్రతి మనిషికీ ఆ ఇంటి ఆడవాళ్లు మొదటి నుంచి చెబుతారు: పొద్దున లేచాడనీ, చాయ తాగాడనీ, ఛాతీలో నొప్పి అన్నాడనీ, ఎంజీఎం ఆస్పత్రికి తీసుకుపోయేసరికి ప్రాణం పోయిందనీ. శోకం పెట్టి ఏడుస్తూ అదే కథను పదిసార్లు, ఇరవైసార్లు చెప్పడంలోనే నమ్మశక్యం కాని సంగతి కొంచెం కొంచెంగా నమ్మకంలోకి వస్తుంది. కౌన్సెలర్‌గా నేను చేసే పనిలో సగం ఆ కథను ఓపికగా మళ్లీ మళ్లీ వినడమే.

డల్లాస్‌లోనో చికాగోలోనో కొడుకు చనిపోయిన తల్లికి చెప్పుకోవడానికి ఆ కథ ఉండదు. ఫోన్ వచ్చిందని మాత్రమే ఆమె చెప్పగలదు. ఫోన్‌కూ పేటికకూ మధ్య ఏం జరిగిందో ఆమెకు తెలియదు, ఆ ఖాళీలో ఊహలు చేరతాయి, యూట్యూబ్ చానళ్లు చేరతాయి, తెలిసీ తెలియని చుట్టాల అనుమానాలు చేరతాయి. నేను విన్న ప్రశ్నల్లో మరణ కారణం గురించినవి తక్కువ. (ఇక్కడ రాసే మాటలు ఏ ఒక్క ఇంటివీ కావు; ఎవరినీ గుర్తుపట్టకుండా కలిపి రాస్తున్నాను.) "ఆఖరుకు ఏం తిన్నడో ఎవలకన్న ఎరుకనా మేడం?" అని ఒక తండ్రి అడుగుతాడు. ఆ రోజు చలి ఉన్నదా, గదిలో ఒక్కడే ఉన్నాడా, ముందురోజు ఎవరితో నవ్వాడు, మా మీద కోపంగా ఉన్నాడా అని అడుగుతారు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగింది అతని రూమ్మేట్లు, పార్ట్‌టైమ్‌గా పనిచేసిన చోటి తోటివారు, చివరిసారి కారులో దింపిన స్నేహితుడు. వారేమో ఏం మాట్లాడాలో తెలియక, తల్లి ఏడుపు తట్టుకోలేక ఫోన్ చేయరు. ఇరవై మూడేళ్ల పిల్లలు, తమ గదిలోనే ఒక చావును చూసినవారు, రేపు మళ్లీ క్లాసుకు వెళ్లాలి. వారి దుఃఖాన్ని దుఃఖంగా లెక్కపెట్టేవారే లేరు. ఈ పిల్లలనూ ఆ తల్లిదండ్రులనూ కలపడం సంఘం తప్ప ఇంకెవరూ చేయలేని పని. ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని ఆ కుర్రాడి చేత మాట్లాడించాలి, తెలిసింది చెప్పమనాలి, తెలియనిది తెలియదని చెప్పమనాలి. ఆ ఒక్క ఫోన్ చేసే మేలు నా పది సందర్శనలు చేయలేవు.

మరణ కారణ నివేదిక సంగతి కూడా ఇలాంటిదే. ఒంట్లో మందుల, విషాల జాడ చూసే టాక్సికాలజీ పరీక్షలు ఉంటే తుది కారణం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా మరణ ధ్రువీకరణ పత్రంలో కారణం విచారణలో ఉన్నట్టుగా ఉంటుంది, ఊళ్లో దాన్ని ఏదో దాస్తున్నారని అర్థం చేసుకుంటారు. ఆలస్యం ఎందుకో మొదటి వారంలోనే చెప్పాలి, నివేదిక వచ్చినప్పుడు మీలోని డాక్టర్ ఎవరైనా తెలుగులో చదివి వినిపించాలి.

కబురు చెప్పే తీరు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, అందరికీ నచ్చకపోవచ్చు. చనిపోయిన సంగతి ఊరంతటికీ తెలిసినా తల్లికి మాత్రం "సీరియస్‌గా ఉంది, ఆస్పత్రిలో ఉన్నడు" అని రెండు రోజులు, కొన్ని ఇళ్లలో పేటిక వచ్చేదాకా చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. ఆ రెండు రోజులూ ఆమె కొమురెల్లి మల్లన్నకు మొక్కుతుంది, సమ్మక్కకు నిలువెత్తు బంగారం (బెల్లం) మొక్కుతుంది. తర్వాత నెలల తరబడి నా దగ్గర ఆమె మాట్లాడేది కొడుకు మరణం గురించి కాదు, తనను మోసం చేసినవారి గురించి. నమ్మకం పోయిన చోట దుఃఖం కోపమై గడ్డకడుతుంది. ఆత్మహత్య అయినప్పుడు ఈ దాపరికం ఇంకా పెరుగుతుంది. ప్రమాదమని చెప్పిన అబద్ధాన్ని ఏదో ఒక రోజు ఒక మేనబావ నోరు జారి బయటపెడతాడు. అందుకని దగ్గరి బంధువు ఒకరు ఎదురుగా కూర్చుని, ఆరోగ్యం బాగాలేనివారైతే పక్కన ఆర్‌ఎంపీనో డాక్టర్‌నో పెట్టుకుని, కొన్ని గంటల్లోనే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సంఘం చేయవలసింది ఆ బంధువును గుర్తించి, ఆయనతోనే మాట్లాడుతూ, అప్పటిదాకా ఫొటో, పేరు బయటకు పోకుండా చూడడం.

పేటిక తెరిచే విషయంలోనూ తొందర కనిపిస్తుంది. జనం, పోలీసులు, నాయకులు చుట్టూ ఉండగా రెండు నిమిషాలు తెరిచి మూసేస్తారు. దేహం ఏ స్థితిలో ఉందో ఫ్యూనరల్ హోమ్ వారికి తెలుసు. అది ముందే అడిగి ఇంటివారికి చెబితే, ముఖం చూడాలా, చేయి మాత్రం పట్టుకోవాలా, అసలు చూడవద్దా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోగలరు. పేటిక పక్కన సంఘం బ్యానర్ పట్టుకుని ఫొటో దిగడం మానేస్తే బాగుంటుందని కూడా ఇక్కడే చెప్పేస్తాను.

డబ్బు గురించి మాట్లాడడం ఇబ్బందే అయినా తప్పదు. ఆన్‌లైన్‌లో పోగైన డాలర్లను ఊళ్లో రూపాయల్లోకి మార్చి చూస్తారు, పెద్దకర్మ కాకముందే "అమెరికా పైసలు బాగనే వచ్చినయట గదా" అన్న మాట ఆ ఇంటి గడప తొక్కుతుంది. కొడుకు చావుతో సంపాదించారన్న నింద ఎంత లోతుగా దిగుతుందో నేను చూశాను. నిజానికి ఆ ఇంటి మీద విద్యా రుణం ఉంటుంది. 7.5 లక్షలు దాటిన రుణాలకు సాధారణంగా ఇల్లో భూమో తనఖా ఉంటుంది, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలై ఉంటారు. కొన్ని రుణాలకు జీవిత బీమా జతచేసి ఉన్నా ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. చాలా యూనివర్సిటీల విద్యార్థి బీమాలో దేహాన్ని స్వదేశానికి పంపే ఖర్చు కూడా ఉంటుంది కాబట్టి చందా పిలుపుకు ముందే ఆ పత్రం చూడాలి. మిగిలిన సొమ్ముకు వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, అందింది ఎంత అని తెలుగులో ఒక పేజీ లెక్క రాసి ఇస్తే, ఆ తండ్రి అడిగినవారికి చూపించి తల ఎత్తుకోగలడు.

సంఘాల గ్రూపుల్లో తిరిగే సలహాల గురించి ఒక మాట. తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అనే ఐదు దశల చార్టు ప్రతిసారీ కనిపిస్తుంది. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను వివరించింది మరణం అంచున ఉన్న రోగులతో మాట్లాడి. బిడ్డను పోగొట్టుకున్నవారు వరుసగా ఎక్కవలసిన మెట్లుగా వాటిని వాడడం తప్పు. మా జిల్లాల్లో నేను చూసేదానికి 1999లో పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ ప్రతిపాదించిన నమూనా దగ్గరగా ఉంటుంది: మనిషి కాసేపు నష్టం వైపు, కాసేపు బతుకు పనుల వైపు ఊగుతూ ఉంటాడు. పొద్దున ఏడ్చిన తల్లి మధ్యాహ్నం పత్తి ఏరడానికి పోతుంది. ఆమె మరిచిపోలేదు, ఆమెకు మతి తప్పలేదు. తండ్రి ఇంట్లో పెదవి విప్పడు, బావి దగ్గరికి నాతో నడిచేటప్పుడు మాట్లాడతాడు. కాబట్టి ఫోన్ చేసేవారు "ధైర్యంగా ఉండాలి అంకుల్" అని మొదలుపెట్టవద్దు. కొడుకును పేరు పెట్టి తలుచుకోండి, చాలు. తెల్లవారుజామున అమెరికా నంబరు మోగితే ఆ ఇంట్లో అందరి గుండెలూ అదురుతాయి. ఏ వేళకు చేస్తారో ముందే చెప్పి ఆ వేళకే చేయండి.

ఎప్పుడు చేయాలంటే, రెండు వారాలకు ఒకసారి, ఒకే మనిషి, ఏడాది పాటు. కొన్ని తేదీలు మాత్రం తప్పనివి. ఒకటి పుట్టినరోజు. రెండోది మే నెల, తోటి విద్యార్థులు పట్టా అందుకునే గౌన్లు వేసుకున్న ఫొటోలు ఫేస్‌బుక్‌లో నిండే కాలం. మరణానంతరం డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి, సంఘం అడగవచ్చు. మూడోది పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య. ఆ రోజు పోయినవారి పేరిట బియ్యం, కూరగాయలు ఇస్తాం, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. తండ్రి పేరిట కొడుకు ఇవ్వవలసిన బియ్యాన్ని కొడుకు పేరిట తండ్రి ఇస్తున్నప్పుడు వీధిలో పాటలు వినిపిస్తుంటాయి. ఆ వారం నా దగ్గర ఖాళీ ఉండదు.

ఫోన్ చేసే మనిషి వైద్యుడి పని చేయనక్కర్లేదు. తిండి, నిద్ర పూర్తిగా పోయినా, తాగుడు పెరిగినా, చచ్చిపోతానన్న మాట వచ్చినా ఆ రోజే ఇక్కడి బంధువుకు చెప్పాలి. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచితంగా, రేయింబవళ్లు, తెలుగులో కూడా అందుతుంది. ఏడాది దాటినా దుఃఖం మొదటి రోజులంత తీవ్రంగా ఉండి రోజువారీ పనులను ఆపేస్తుంటే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022 నుంచి గుర్తిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ గడువును ఆరు నెలలుగా పెట్టింది. అలాంటివారిని సైకియాట్రిస్టుకు చూపించడం మా పని. తక్కినవారికి జబ్బేమీ లేదు, వారికి మందు కన్నా మనుషులు అవసరం.

దీనికి పెద్ద నిధి అక్కర్లేదు. ప్రతి కుటుంబానికి ఇద్దరు సభ్యులు, ఒకరు మాట్లాడడానికి, ఒకరు కాగితాలు చూడడానికి; వారికి రెండు రోజుల శిక్షణ; వారు అలసిపోతే మార్చుకోవడానికి మూడో మనిషి. పార్థివదేహాల తరలింపుకు కమిటీ ఉన్న ప్రతి సంఘమూ తన తదుపరి కార్యవర్గ సమావేశంలో ఈ ఇద్దరి పేర్లను కూడా ఆ కమిటీ జాబితాలో చేర్చాలని, గత సంవత్సరం తాము పంపిన పేటికల తాలూకు ఇళ్లతోనే ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.