సవరణ: మైక్రాకు ప్లయర్ లేదు, కత్తెర ఉంటది

జేబుల పట్టే చిన్న మల్టీటూల్ (కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివి ఒక్కదాంట్లనే మడిచి ఉండే పనిముట్టు) ఏది తీస్కోవాలె అని మొన్న పెట్టిన పోస్టుల లెదర్‌మ్యాన్ కంపెనీ మైక్రాకు ప్లయర్ ఉంటదని రాసిన, అది తప్పు. కంపెనీ టూల్ లిస్టు చూస్తే మైక్రా తెరవంగనే మధ్యల వచ్చేది స్ప్రింగు కత్తెర, ప్లయర్ ఉన్నది అదే కంపెనీ స్క్వర్ట్ పీఎస్4 కు, రెండిటి సైజు దగ్గర దగ్గర ఉండేసరికి కలగలిపిన. పీఎస్4 తయారీ ఆపేసిన్రు గాబట్టి పాత స్టాకు దొరికితే రేటు చూస్కొని కొనుండ్రి. ప్లయరే కావాల్నంటే గెర్బర్ కంపెనీ డైమ్ ఉంది, మూస్తే 7 సెంటీమీటర్లే, బరువు 60 గ్రాములకు జరంత ఎక్కువ.

ఇంకోటి, ఆ పోస్టులనే "వైరు కట్ చేస్తది" అని రాసినదాన్ని కొందరు కరెంటు పనికి అనుకున్నరు. నేనన్నది సన్న తీగల సంగతి. వీటి పిడి లోహమే, షాక్ కొట్టకుండ తొడుగు ఏముండదు, స్విచ్ బోర్డు ముట్టేటోళ్లు హన్మకొండల ఏ ఎలక్ట్రికల్ షాపులనన్న దొరికే తొడుగున్న కటింగ్ ప్లయరే వాడుండ్రి, అదీ మెయిన్ ఆఫ్ చేసినంకనే. బ్యాగు జిప్పు రన్నర్ వదులైతే రెండు దిక్కుల మెల్లగ నొక్కనీకె, గొలుసు కొక్కెం సరిచేయనీకె మాత్రం ఈ చిన్న మల్టీటూల్ ప్లయరే మంచిగుంటది. బోరు మోటరు నట్లు దీంతోని తిప్పకుండ్రి, దానికి పానా ఉంది కదా!