గొట్టాలు నిండాయి సరే, లోపల ఏముంది?

తేనెటీగ అనగానే పట్టు, రాణి, కుట్టడం, ఇంతే గుర్తొస్తాయి చాలామందికి. కానీ శాస్త్రం పేరు పెట్టిన తేనెటీగ జాతులు 20 వేలకు పైనే ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఒంటరివి. రాణి లేదు, కూలీలు లేరు. ఆడ ఈగ ఒక్కతే చోటు వెతుక్కుని, పుప్పొడి మోసుకొచ్చి, దాని మీద గుడ్డు పెట్టి, గది మూసేసి వెళ్లిపోతుంది. చాలా జాతుల్లో తల్లి బిడ్డ మొహం చూడకుండానే చచ్చిపోతుంది.

వీటికోసం వెదురు బొంగులు, రెల్లు గొట్టాలు, రంధ్రాలు చేసిన చెక్క దిమ్మలు కట్టి వేలాడదీయడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. బీ హోటల్ అంటున్నారు. ఆ పేరు మాకు పెద్దగా నచ్చలేదు, ఎందుకంటే హోటల్లో దిగినవాళ్లు రెండ్రోజులుండి పోతారు, ఇక్కడ పెట్టిన గుడ్డు కొన్ని జాతుల్లో దాదాపు ఏడాది పాటు పురుగై, గూడు చుట్టుకుని, రెక్కలొచ్చేదాకా అదే గొట్టంలో ఉంటుంది. పరిశోధకులు వాడే పేరు ట్రాప్ నెస్ట్, వాళ్లు దాన్ని పెట్టేది తెరిచి చూడటానికి. మన గొడవంతా ఆ తెరిచి చూడటం గురించే.

తెరిస్తే ఎంత దొరుకుతుందో చూడండి. ఒక గొట్టం నిలువునా చీలిస్తే వరసగా గదులు కనిపిస్తాయి. అడ్డుగోడ మట్టిదైతే మేసన్ తేనెటీగ అయ్యుండొచ్చు, గుండ్రంగా కత్తిరించిన ఆకు ముక్కలతో చుట్టి ఉంటే లీఫ్‌కట్టర్, బంకతో మూసి ఉంటే ఇంకొకటి. ఎన్ని గదులు కట్టింది, ఎన్నిట్లో పిల్ల బతికింది, ఎన్నిట్లో బూజు పట్టింది, ఎన్నిట్లో కోకిల లాంటి దొంగ ఈగ వచ్చి గుడ్డు పెట్టిపోయింది, అన్నీ లెక్కపెట్టొచ్చు. తినకుండా మిగిలిపోయిన పుప్పొడి ముద్దని మైక్రోస్కోప్ కింద పెడితేనో, డీఎన్‌ఏ తీస్తేనో ఆ తల్లి ఏ పూల దగ్గరికి తిరిగిందో తెలుస్తుంది. పూల మీద వల వేసి పట్టిన ఈగ ఇంత కథ చెప్పదు.

ఇందులో అందమైన సంగతి ఇంకోటుంది. ఆడదా మగదా అన్నది తల్లి చేతిలోనే ఉంటుంది: వీర్యం కలిపిన గుడ్డు ఆడది, కలపనిది మగది. సాధారణంగా ఆడ గుడ్లు గొట్టం అడుగున, మగవి ముందువైపు పెడుతుంది, ముందు బయటికొచ్చేది కూడా మగవే. 19వ శతాబ్దంలోనే ఫ్రాన్స్ కీటక శాస్త్రవేత్త ఫాబ్ర్ రెల్లు గొట్టాలు, గాజు గొట్టాలు పెట్టి దీన్ని గమనించాడు, చోటుని బట్టి తల్లి ఈ లెక్క మార్చుకుంటుందని కూడా పట్టేశాడు. మరి మనం చూడ్డానికి ముద్దుగా ఉందని లోతు లేని పొట్టి గొట్టం ముక్కలు పేర్చితే ఏమవుతుంది? అన్నీ మగ ఈగలే పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. మేసన్ ఈగలకి కనీసం 15 సెంటీమీటర్ల లోతు కావాలంటారు పెంచేవాళ్లు. వెడల్పు కూడా ఒకటే కుదరదు, 3 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా ఉంటే రకరకాల జాతులు వస్తాయి.

ఇక చేదు సంగతి. టొరంటోలో సుమారు 200 చోట్ల మూడేళ్లపాటు ఇలాంటి గూళ్లు పెట్టి చూసిన అధ్యయనం 2015లో వచ్చింది. వాటిలో చేరిన 27 వేలకు పైగా తేనెటీగలు, కందిరీగల్లో దాదాపు నాలుగో వంతు వేరే దేశాల నుంచి వచ్చిపడ్డ తేనెటీగలే. అన్నిటికంటే ఎక్కువ చేరింది స్థానిక కందిరీగలు (వాటి మీద మాకు కోపం లేదు, పురుగుల్ని పట్టి తింటాయి, కానీ గూడు పెట్టింది వాటికోసం కాదు కదా). యూరప్‌లో 2008లో ఫ్రాన్స్‌లో మొదట కనిపించిన తూర్పు ఆసియా జెయింట్ రెసిన్ తేనెటీగ ఇలాంటి గూళ్లలో చేరి, అప్పటికే కట్టుకున్న వేరే ఈగల గదుల్ని ఖాళీ చేయించడం కూడా చూశారు. పైగా వందల గొట్టాలు ఒకే చోట కడితే మైట్లు అనే సూక్ష్మమైన పురుగులు, బూజు, పరాన్న కందిరీగలకి పండగే, అడవిలో గూళ్లు ఇంత దగ్గరగా ఎక్కడుంటాయి? ఏటా గొట్టాలు మార్చకుండా వదిలేసిన పెట్టె నిండుగా కనిపిస్తుంది, ఫొటో బాగా వస్తుంది, లోపల సగం శవాలు ఉండొచ్చు.

ఇంకోటి, తేనెటీగల్లో ఎక్కువ జాతులు గొట్టాల్లోకి రానే రావు, నేలలో బొరియ తవ్వుకుంటాయి. వాటికి ఎండ తగిలే ఖాళీ నేల చాలు, మనమేమో దాన్ని కూడా సిమెంటు చేసేసి పక్కనే బీ హోటల్ కడుతున్నాం. నేల ఈగలకి కూడా కృత్రిమంగా చోటు చేయొచ్చు: అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో అల్ఫాల్ఫా (పశువుల మేత పంట) విత్తన రైతులు తేమ, ఉప్పు సరిచూసుకుంటూ మట్టి మడులు తయారుచేసి ఆల్కలీ తేనెటీగల్ని నిలుపుకుంటున్నారు. పంట వాటి మీద ఆధారపడింది కాబట్టి మడిని పొలంలాగే చూసుకుంటారు.

పార్కుల్లో, స్కూళ్లలో, ఆఫీసుల ముందు ఇవి పెట్టిస్తున్నవాళ్లని మేం అడిగేది ఒక్కటే. పది పెట్టే డబ్బుతో రెండే పెట్టండి. గొట్టాలు విడదీయడానికి వీలుగా, వెనకవైపు మూసి, వాన పడని చోట, చుట్టుపక్కల పూలు ఉండేలా పెట్టండి. మిగిలిన డబ్బు ఏడాదికోసారి వచ్చి వాటిని విప్పి, గదులు లెక్కపెట్టి, ఏది బతికిందో ఏది చచ్చిందో రాసిపెట్టే మనిషికి ఇవ్వండి. బోర్డు మీద ప్రారంభించినవారి పేరు పక్కన ఆ లెక్క కూడా రాస్తే ఇంకా మంచిది.