పర్యావరణ ప్రాజెక్టు గారికి ఒక ఇంగ్లిష్ టీచర్ మొర

మహారాజశ్రీ ప్రాజెక్టు గారికి,

ఇంజినీరింగ్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పుకునే టీచర్ నమస్కరించి రాయునది. మేము ఇక్కడ క్షేమం. మీరూ బీరువా మీద, దుమ్ము పట్టినా కుళ్లకుండా, క్షేమంగా ఉండటం రోజూ చూస్తూనే ఉన్నాను. థర్మోకోల్‌తో చేసిన అడవికి చావు లేదు కదా! అందులో 95 శాతానికి పైగా గాలేనట. ఆ మాట చదివినప్పుడు మీ రిపోర్టులే గుర్తొచ్చాయి.

1918లో కిల్‌పాట్రిక్ అనే అమెరికన్ విద్యావేత్త, ఒక ఉద్దేశంతో మనసారా చేసే పనే ప్రాజెక్టు అని మీ గురించి గొప్పగా రాశారు. పాపం, ఆయన మా మార్కుల షీటు చూడలేదు. స్లైడ్లకు 10, మోడల్‌కు 5, టైకి కూడా లోపాయికారీగా ఒకటో రెండో. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు, గ్రూపులో ఐదుగురుంటే ఒకమ్మాయి రాస్తుంది, ఒకడు ప్రింటు తీయిస్తాడు, మిగతా ముగ్గురు గ్రూప్ ఫొటోలో నవ్వుతారు.

అసలు సంగతి చెప్తా వినండి. కెమికల్ బ్రాంచి కుర్రాడొకడు రిహార్సల్‌లో గొంతు సవరించుకుని, 'ఆఫ్లుయెంట్‌ను శుద్ధి చేయకుండా నదిలో వదలరాదు' అని ఇంగ్లిష్‌లో గంభీరంగా అన్నాడు. ఫ్యాక్టరీ వదిలే మురుగునీరు ఎఫ్లుయెంట్. ఆఫ్లుయెంట్ అంటే డబ్బున్నవాళ్లు! సంపన్నులను శుభ్రంగా కడిగి మరీ నదిలో వదలమన్నాడన్నమాట. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. తప్పేంటో వాడే డిక్షనరీ తీసి చూసుకున్నాడు. ఆ రెండు మాటల తేడా ఆ క్లాసులో ఇక ఎవరూ మర్చిపోరు. దానికి మీ షీటులో గడి ఎక్కడుంది? ఫైనల్ రోజు అదే కుర్రాడు నెట్‌లో దొరికిన పేరాను తప్పులేకుండా అప్పజెప్పి ఫుల్ మార్కులు కొట్టేశాడు. అర్థం అడిగితే టెన్షన్ పడ్డాడు.

ఇంకో గ్రూపు మోడలే చేయలేదు. హాస్టల్లో కారే కుళాయి కింద లీటరు సీసా పెట్టి, ఫోన్‌లో టైమర్ నొక్కి కూర్చున్నారు. 40 నిమిషాలకు నిండింది. అంటే రోజుకు 36 లీటర్లు. ఆ లెక్కతో ఇంగ్లిష్‌లో ఉత్తరం రాయాలి. 'మార్చండి' అనాలా, 'మార్చగలరా' అనాలా, 'మార్చకపోతే' అని మొదలుపెట్టాలా అని గంటన్నర కొట్టుకున్నారు. మస్ట్, షుడ్, కుడ్ తేడా నేను బోర్డు మీద ఏడాదిగా చెప్తున్నా ఎక్కనిది, ఆ గంటన్నరలో ఎక్కింది. చివరికి 'కుడ్ యూ' అని మర్యాదగా మొదలుపెట్టి, మూడో పేరాలో 'మస్ట్'కి దిగారు. నాకు ముచ్చటేసింది.

మోడల్ లేదని మీ లెక్క ప్రకారం 5 మార్కులు కోసేశాను. సంతకం నాదే లెండి, మిమ్మల్ని అని ఏం లాభం?

ఉత్తరం ఇచ్చి నెల దాటింది. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఉత్తరం కాపీ మాత్రం మీ ఫైల్లో, ప్లాస్టిక్ కవరులో, చుక్క నీరు తగలకుండా భద్రంగా ఉంది.

ఇట్లు,
ఆ ఫైలు మీద సంతకం పెట్టిన టీచర్