ఏ తీగ?

బేస్ గిటారు వాయించేవాడికీ, పరాయి భాష నేర్చుకునేవాడికీ కష్టం ఒకటే. నలుగురిలో పరువు దక్కదు. "ఏదీ, ఓ పాట వాయించు" అంటారు. ఎంత పేరున్న పాటలోంచైనా బేస్ ఒక్కటీ విడదీసి వాయిస్తే, పైవాటాలో ఎవరో బీరువా జరుపుతున్నట్టుంటుంది. విన్నవాళ్లు మర్యాద కొద్దీ చివరిదాకా కూర్చుని, "బాగుంది. ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుతుంది?" అంటారు. భాష సంగతీ అంతే. "జర్మన్ నేర్చుకుంటున్నావటగా, ఏదైనా మాట్లాడు" అంటారు. అవతల జర్మన్ వచ్చినవాడు లేకుండా ఏం మాట్లాడతాం? రైల్వే స్టేషన్‌కి దారెటు అని అడుగుతాం, పుస్తకంలో మొదట వచ్చేది అదే కాబట్టి. వాళ్లు నవ్వేసి, "అవునూ, దీనికి నాలుగే తీగలున్నాయేంటి, మిగతా రెండూ తెగిపోయాయా?" అని మళ్లీ గిటారు మీద పడతారు.

అందుకేనేమో, ఈ రెండు పిచ్చులూ తరచు ఒకే తలకెక్కుతాయి. లీడ్ గిటారువాళ్ల వాదన వేరు. బేస్ వాడికి చేతినిండా పని ఉండదు, ఆ ఖాళీలో క్రియారూపాలు వల్లె వేసుకుంటాడంటారు. అది అసూయ. బేస్ వాయించడంలో సగం పని వినడమే. డ్రమ్మర్ కుడికాలు ఎప్పుడు పడుతుందో, పాడేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో కనిపెట్టుకుని ఉండాలి. అలా చెవి ఒగ్గి కూర్చోవడం అలవాటైన మనిషికి, ఒక్క ముక్క అర్థం కాని భాషలో సినిమా చూడటం కూడా శిక్షలా అనిపించదు.

మా మిత్రుడొకడు ఈ జాతివాడే. నాకు బేస్, జపనీస్. వాడికి బేస్, జర్మన్. భాషలు ఇచ్చిపుచ్చుకునే చోట ఎక్కడో వాడికో జర్మన్ పెద్దాయన దొరికాడు. ఆయనా బేస్ వాయిస్తాడు, తెలుగు నేర్చుకుంటాడు. తెలుగెందుకండీ అంటే, మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి, పాడుకోవడానికి హాయి అన్నాడు. ఆ హాయి కోసం ఆయన పట్టుకున్న పుస్తకాలు మాత్రం తెలుగువాళ్లు దింపి చూడనివి. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఒకటి, చిన్నయసూరి వ్యాకరణం ఒకటి. మావాడు "ఏంటి సార్ సంగతులు" అంటే ఆయన "విశేషములేమియు లేవు" అంటాడు. వాడు "నెట్ కొట్టుకుంటోంది సార్" అంటే, "ఎవరిని?" అంటాడు. అయినా స్నేహం బాగానే కుదిరింది.

ఇద్దరిదీ ఓ ఒప్పందం. వీడియో కాల్‌లో మొదటి అరగంట జర్మన్, తర్వాతి అరగంట తెలుగు, మధ్యమధ్య బేస్. కలిసి వాయించడం మాత్రం కుదరదు. ఒకరి చప్పుడు ఇంకొకరికి చేరడంలో సెకనులో ముప్పయ్యో వంతు ఆలస్యమైతేనే తాళం జారడం మొదలవుతుంది. మామూలు కాల్‌లో ఆలస్యం దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఒకరు వాయిస్తుంటే ఒకరు తలూపాలి. తలూపడం కూడా ఆలస్యంగానే చేరుతుంది.

ఆ వేళ నేనూ అక్కడే ఉన్నాను. మావాడు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒళ్లో బేస్ పెట్టుకుని, బుద్ధిమంతుడిలా స్క్రీన్ ముందు కూర్చున్నాడు. జర్మన్ అరగంట నడుస్తోంది. పెద్దాయన, "వాయించేముందు శ్రుతి చేసుకో. లావు తీగతో మొదలుపెట్టు. ఏ" అన్నాడు, జర్మన్‌లోనే.

ఇక్కడ కాస్త ఆగాలి. బేస్ తీగల పేర్లు లావు దాని నుంచి సన్నదానికి ఈ, ఏ, డీ, జీ. అవే అక్షరాలను జర్మన్లు ఏ, ఆ, డే, గే అని చదువుతారు. అంటే ఇంగ్లీషువాడి 'ఈ' జర్మన్ నోట్లో 'ఏ', ఇంగ్లీషువాడి 'ఏ' జర్మన్ నోట్లో 'ఆ'. మావాడికి ఇది తెలియక కాదు. అక్షరమాల అప్పజెప్పమంటే గడగడా చెప్తాడు. కానీ చేతిలో గిటారుండగా వినబడ్డ 'ఏ' వాడికి ఇంగ్లీషు 'ఏ'గానే వినబడింది. లావు తీగని 'ఏ'కి లాగమంటాడేంటీ అని ఒక్క క్షణం తటపటాయించాడట. ఈ రోజుల్లో ఎవరి శ్రుతి వాళ్లదే, పెద్దాయన చెప్పాడంటే ఏదో కారణం ఉండే ఉంటుందని సరిపెట్టుకున్నాడు. పైగా జర్మన్‌లో చెప్పింది తడుముకోకుండా అర్థమైందన్న ఆనందం ఒకటి. అర్థమైనదాన్ని అనుమానించడానికి మనసు రాదు కదా.

బిరడా తిప్పడం మొదలుపెట్టాడు. ట్యూనర్ యాప్‌లో ఈ వచ్చింది, దాటింది. ఎఫ్ వచ్చింది, దాటింది. ఎఫ్ షార్ప్, జీ. నేను భుజం తట్టాను. ఉండరా అన్నట్టు చెయ్యెత్తాడు. జీ షార్ప్. చివరికి 'ఏ' దగ్గర పచ్చలైటు వెలిగింది. మావాడి ముఖం కూడా.

లావు తీగ మామూలు శ్రుతి సుమారు 41 హెర్ట్జ్. వాడు పట్టుకెళ్లింది 55కి. అంతేగా అనిపిస్తుంది. కానీ శ్రుతి పెరిగిన నిష్పత్తికి వర్గం చొప్పున తీగ బిగువు పెరుగుతుంది. మామూలుగా ఆ ఒక్క తీగ పద్దెనిమిది కిలోల బరువు వేలాడదీసినంత బిగువులో ఉంటుంది. ఇప్పుడది ముప్పై దాటింది. గిటారు మెడ లోపల్లోపల కిర్రుమంటోంది. బిరడా చుట్టూ చుట్టుకున్న చోట, పాత తీగ మీది సన్నటి చుట్టలు ఒకదాన్నుంచి ఒకటి విడి, మధ్యలో మెరుపు కనబడుతోంది. నాకు కనబడుతోంది. వాడు చూస్తున్నది పచ్చలైటుని.

మరి పెద్దాయనకి తేడా వినబడలేదా? అక్కడే ఉంది చమత్కారం. వీడియో కాల్ యాప్‌లు మనిషి గొంతుని ఉంచి మిగతా చప్పుళ్లని తీసేస్తాయి. ఫ్యాను హోరు, ఫ్రిజ్ మూలుగు, ఏకధాటిగా కిందిస్థాయిలో సాగే ఏ మోతైనా సరే. వాటి లెక్కలో బేస్ గిటారు కూడా ఓ ఫ్రిజ్జే. పొరపాటున ఏమైనా మిగిలినా, 41 హెర్ట్జ్‌ని పలికే దమ్ము ల్యాప్‌టాప్ స్పీకరుకి ఉండదు. కాబట్టి పెద్దాయనకి అవతల ఒక కుర్రాడు నిశ్శబ్దంగా తీగ మీటుతూ చిరునవ్వు నవ్వడం మాత్రం కనబడుతోంది.

"ఇప్పుడు?" అన్నాడు మావాడు, జర్మన్‌లో.

"ఇంకా లేదు" అన్నాడు పెద్దాయన. ఇంకా వినబడటం లేదని ఆయన భావం. ఇంకా శ్రుతి కలవలేదని వీడి భావం. వీడు ఇంకో అరచుట్టు బిగించాడు.

"ఇప్పుడు?"

"ఇంకా లేదు."

నేను హెడ్‌ఫోన్లు లాగేయబోయాను. అంతలో అయిపోయింది. ఠంగుమని బిరడా దగ్గర తెగి, తెగిన కొస వెనక్కి ఎగిరి, మావాడి కళ్లజోడుని ముక్కు మీంచి చెవి మీదికి నెట్టి, బల్ల మీదున్న ట్యూనర్ ఫోన్ని కింద పడేసి ఆగింది. అప్పటిదాకా అన్నీ మింగిన యాప్ ఆ ఒక్క చప్పుడునీ నిఖార్సుగా అవతలికి చేరవేసింది. పెద్దాయన ముఖం విప్పారింది. "ఆహా, ఇప్పుడు వినబడింది!" అన్నాడు.

సరిగ్గా అప్పుడు గంట మోగింది. జర్మన్ అరగంట అయిపోయిందని ఆయనే పెట్టుకున్న అలారం. నియమం నియమమే. ఆయన తెలుగులోకి మారాడు. తెరకి దగ్గరగా జరిగి చూసి, బాధగా, "అయ్యో! ఏ తీగ తెగినది" అన్నాడు.

ఆయన అడగలేదు, చెప్పాడు. మావాడికి మాత్రం ప్రశ్నలా వినబడింది. వేలాడుతున్న కొసని కెమెరా ముందుకు పట్టి, "ఈ తీగ సార్" అన్నాడు.

"ఈ యను తీగ లేదు" అన్నాడాయన. జర్మన్లకి నిజంగానే ఆ పేరుతో స్వరం లేదు. "ఏ తీగ."

"అదే సార్, ఈ తీగే. ఏ తీగ బానే ఉంది, దాని పక్కది."

"ఏ తీగ బాగున్నచో, తెగినది ఆ తీగయా?"

"ఆఁ! ఆ తీగే!" వేలు చూపించి మరీ చెప్పాడు.

"ఆ తీగ నిలిచియే యున్నది. నాకు కనబడుచున్నది."

మావాడు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. ఇటాలియన్ నేర్చుకుంటున్నా గతి ఇదే అయ్యేది. వాళ్లకి లావు తీగ పేరు 'మి'. "మీ తీగ తెగింది" అంటే, మరి మీ తీగ? అనాల్సివచ్చేది. జపనీస్ పాఠ్యపుస్తకాల్లో వీటిని హో, ఇ, ని, తో అంటారు. ఆ మాట పైకి అనబోయి, సమయం కాదని మానుకున్నాను.

మెడ మీద అడ్డంగా లోహపు మెట్లుంటే స్వరం కచ్చితంగా పలుకుతుందని, 1951లో గిటార్లు చేసే లియో ఫెండర్ తను చేసిన బేస్‌కి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు. మావాడి ఒళ్లోది ఆ నమూనాదే. పలికే స్వరం పేరేమిటో మనుషుల మధ్య తేలకపోతే పాపం మెట్లేం చేస్తాయి?

పెద్దాయన మాత్రం కాసేపు కళ్లు మూసుకుని, ఉన్నట్టుండి బల్ల గుద్ది, "త్రికము!" అని అరిచాడు. ఆ, ఈ, ఏ. బళ్లో మనం మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన త్రికసంధి. ఆయన గబగబా పుస్తకం తిప్పి, వేలు పెట్టి, తీర్పు చెప్పాడు. ఇకమీదట ప్రశ్న అయితే సంధి చేయవలెను, స్వరమైతే చేయరాదు. ఏ తీగ అని అడగదలిస్తే "ఎత్తీగ?" అనాలి. చూపించదలిస్తే "ఇత్తీగ", "అత్తీగ". విడిగా "ఏ తీగ" అంటే అది జర్మన్ స్వరమే.

"ఎత్తీగ తెగినది?" అన్నాడు పరీక్షగా.

మావాడు నుదురు రుద్దుకుని, "ఇత్తీగ... ఏ తీగ సార్" అన్నాడు.

ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లని యాప్ తినేసింది.

సెట్టు మొత్తం మార్చాల్సివచ్చింది. ఒక తీగ కొత్తదీ మూడు పాతవీ అయితే మోత కలవదు. కొత్త సెట్టు పొట్లం మీద అక్షరాలు లేవు, అంకెలే ఉన్నాయి. 105, 85, 65, 45. అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం. మావాడు ఎగిరి గంతేశాడు. అక్షరాలకి భాష ఉంటుందిగానీ అంకెలకేముంది, ఇకనుంచి మందాన్ని బట్టే పిలుచుకుందామని ప్రతిపాదించాడు. పెద్దాయన "సమ్మతమే" అన్నాడు.

తర్వాతి కాల్‌లో జర్మన్ అరగంట మొదలైంది. జర్మన్లు ఒకట్లు ముందు చెప్పి పదులు తర్వాత చెప్తారు. పెద్దాయన లావుదాని పక్క తీగతో మొదలుపెట్టమంటూ, "ఫ్యున్ఫ్-ఉంట్-ఆఖ్ట్‌సిగ్" అన్నాడు. ఐదూ, ఎనభై.

మావాడు తలూపి, కాగితం మీద 58 అని రాసుకుని, పొట్లంలో వెతకడం మొదలుపెట్టాడు.